గొళ్ళెం పెట్టిన చరణాలు

ఆ ఉదయం ఆకాశం కొండల మీదకి దిగి కూర్చుంది. గుణుపురంలో బస్సు కదిలేటప్పటికి వాన లేదు, ఎండా లేదు. మబ్బు చేల మీదుగా పాకుతూ వచ్చి, కిటికీ ఊచలకి తడి అంటించి, అవతలి గట్టు మీదకి పోతోంది. కోతకొచ్చిన వరి తల వంచి నానుతోంది. ఇలాంటి మబ్బు కురవదు, పోదు. చేనుగల వాళ్ళని గట్టు మీదే నిలబెడుతుంది.

ఢిల్లీశ్వరరావు కిటికీ పక్కన కూర్చున్నాడు. మెడ చుట్టూ తెల్ల గుడ్డ కట్టి ఉంది. గుడ్డ కింద గొంతులో కన్నం, ఊపిరి అందులోంచే. చలిగాలికి దగ్గు తెరలు వస్తాయని కూతురు రోజారమణి కిటికీ అద్దం వెయ్యబోయింది. ఆయన ఆమె చేతి మీద కొట్టాడు. చిన్న దెబ్బే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఒళ్ళోనే గుడ్డసంచి ఉంది. సంచిలో అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన పాటల యంత్రం ఉంది.

ఆయన తప్పెటగుళ్ళ గురువు. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వంశధార ఒడ్డున భూములు చేసుకున్నప్పుడు విత్తనాల మూటలతో పాటు గుండె మీద కట్టుకుని వాయించే రేకు తప్పెటలు కూడా తెచ్చుకున్నారు. పాట నేర్పడంలో వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. గురువు శిష్యుడికి పాటంతా ఇస్తాడు, ఆఖరి చరణం ఇవ్వడు. అది తన నోట్లోనే ఉంచుకుంటాడు. శిష్యుడు ఎంత గట్టివాడైనా పాట ముగియాలంటే గురువు వచ్చి నిలబడాలి. తన కాలం దగ్గర పడిందనుకున్నప్పుడు, తనకి నచ్చినవాడిని పిలిచి ఆ చరణాలు చెవిలో చెబుతాడు. అంతవరకూ మేళం ఆయన వెనకే తిరుగుతుంది.

ఢిల్లీశ్వరరావు కాలం కన్నా ముందు గొంతు దగ్గర పడింది. విశాఖపట్నంలో డాక్టర్లు మాటపెట్టె తీసెయ్యాలన్నారు. చరణాలు ఇవ్వదలచిన తమ్ముడి కొడుకు సిద్దు అప్పటికి దామంజోడిలో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. పండక్కి తప్ప సెలవు దొరకదు. ఆపరేషనుకి వెళ్ళే ముందు రోజారమణి బడి రోజుల నాటి పాటల యంత్రం బయటికి తీయించాడు. దానికి గొంతు పట్టుకునే మీట కూడా ఉంది. మీట ఎలా నొక్కాలో చూపించమన్నాడు. చూపించాక ఆమెని దూరపు చేలోకి పొమ్మన్నాడు. పశువులశాలలో తలుపు వేసుకుని పాడాడు. మధ్యలో బయటికొచ్చి, ఆమె నిజంగా గట్టు దాటిందా లేదా అని చూసి వెళ్ళాడు.

ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. ఆ పాటలన్నీ ఆమెకి వచ్చు. వంటింట్లో అంబలి కలుపుతూ, వాకిట్లో ధాన్యం ఎగబోస్తూ చిన్నప్పటి నుంచీ విన్నవే. ఆఖరి చరణాలు తప్ప. తప్పెట కట్టుకుంటానని ఒకసారి అడిగింది. ఆడది తప్పెట కడితే గంగమ్మ తల్లి ఇల్లు కడిగేస్తుందని చెప్పి, ఆ పూట ఆమెకి అన్నం పెట్టొద్దన్నాడు.

విడిగా పాడిన ఆఖరి చరణాలు వేరే మూట కట్టించాడు. గుణుపురం నెట్‌ సెంటర్లో రోజారమణి చేత వాటన్నిటినీ మోగించకుండానే ఒక్క ఫైలుగా చేయించి, నంబరు కొడితే తప్ప తెరుచుకోకుండా గొళ్ళెం పెట్టించాడు. ఆయనకి సంతకం తప్ప రాత రాదు, అంకెలు మాత్రం వచ్చు. ఆమె ముఖం గోడవైపు తిప్పించి నంబరు తనే కొట్టాడు. పని అయ్యాక ఆ కంప్యూటర్లో ముక్క మిగలకుండా తుడిపించాడు. యంత్రం ఎవడి చేతిలో పడినా పాటలు వింటాడు, ముగింపు వినడు.

ఆపరేషనయ్యింది. సిద్దు రావడం ఆలస్యమైంది. ఈలోగా యంత్రంలో బ్యాటరీ ఉబ్బింది. వెనక మూత లేచి నోరు తెరుచుకుంది. చార్జింగు పెడితే వేడెక్కి ఆరిపోతోంది. అప్పటి నెట్ సెంటరు మూతపడింది. గుణుపురంలో ఇంకో రెండు కొట్లు తిరిగారు. దీని కంపెనీ ప్రోగ్రాము ఉంటే తప్ప కంప్యూటరు దీన్ని గుర్తుపట్టదన్నారు. పాతకాలం ప్రోగ్రాములు దాచుకున్నవాడు రాయగడలో ఒకడున్నాడని, పేరు తాతాజీ అని చెప్పారు.

ఆ పేరు విన్నప్పుడు ఢిల్లీశ్వరరావు నేలకేసి చూశాడు. వేరే దారి లేక బయలుదేరాడు.

తాతాజీ ఆయన మేళంలో పన్నెండేళ్ళు ఆడినవాడు. వరసలో మొదటివాడు. ఒక ఏడు కొల్నార జాతరకి, గురువుకి చెప్పకుండా తనే మేళం కట్టి తీసుకెళ్ళాడు. పాట ఎత్తుకున్నాడు, జనం కదిలిపోయారు. ఆఖరికి వచ్చేసరికి నోట్లో ఏమీ లేదు. ముందు చరణమే మళ్ళీ పాడాడు, మళ్ళీ పాడాడు. జనం ఈలలు వేశారు. అప్పుడు జనం వెనకనుంచి ఢిల్లీశ్వరరావు లేచాడు. పొద్దుటినుంచీ అక్కడే కూర్చుని ఉన్నాడు. తన గజ్జెల సంచి తాతాజీ చేతికిచ్చి పట్టుకోమని, ఆ ఒక్క చరణం పాడి, దణ్ణం పెట్టి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత తాతాజీ తప్పెట కట్టలేదు. రాయగడ వచ్చి పాటలెక్కించే కొట్టు పెట్టాడు. కోరాపుట్ ఘాటీ రోడ్డు ఎక్కే లారీలవాళ్ళు, కొండల్లో సిగ్నలు దొరకదని, చిప్పుల్లో పాటలు ఎక్కించుకుపోతారు. కొట్టు వెనకే ఇల్లు. ఒడియా పిల్ల లిప్సాని చేసుకున్నాడు.

వాళ్ళు కొట్టు మెట్లెక్కేసరికి తాతాజీ ఒక లారీ డ్రైవరుకి చిప్పు నింపుతున్నాడు. గురువుని చూసి లేచాడు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. తరవాత బేరగాళ్ళు కూర్చునే పొట్టి స్టూలు చూపించాడు.

"కూకో గురువా. గొంతు పోనాదని ఇన్నాను. సూడ్డానికి రాలేదు మరి."

"నాన్నకి మాట్నేదు. ఏటన్నా అడగాలంటే నన్నడుగు, సైగలు నాను సెప్తాను," అంది రోజారమణి.

ఆయన సైగలు తాతాజీకి తెలియనివి కావు. మేళం ఆడుతుండగా గురువు నోటితో చెప్పడు, చేతితో చెబుతాడు. అరచెయ్యి బోర్లిస్తే ఆపమని. రెండు వేళ్ళు ఊపితే అడుగు మార్చమని. తల మీద వేలు గుండ్రంగా తిప్పితే మళ్ళీ ఎత్తుకోమని. అయినా తాతాజీ సరే అన్నట్టు తలూపాడు.

యంత్రం తీసుకుని ఉబ్బిన పొట్ట మీద వేలు వేసి చూశాడు. ఇందులో ఏమున్నాయని అడిగాడు. పాటలంది. అన్నీనా అన్నాడు. ఆమె తండ్రివైపు చూసింది. ఆయన గుడ్డ సర్దుకున్నాడు. అన్నీ అంది.

తాతాజీ తీగ తగిలించాడు. యంత్రం తెర వెలిగింది, కంప్యూటరు మాత్రం ఎవరొచ్చారో తెలియనట్టు ఊరుకుంది. తీగ మార్చాడు. వెనకవైపు కన్నానికి పెట్టాడు. పాత సీడీ వెతికి ప్రోగ్రాము తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఈసారి యంత్రం పేరు కనిపించింది, గీత సగం దాకా నిండి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడే ఆగింది. ఢిల్లీశ్వరరావు స్టూలు మీద ముందుకి జరిగి, తీగకి ఇవతలి కొస పట్టుకుని కూర్చున్నాడు. యంత్రం మీంచి చూపు తియ్యలేదు. వదిలిపెట్టి సాయంత్రం రమ్మని తాతాజీ అన్నప్పుడు అరచెయ్యి బోర్లించాడు.

"ఒగ్గీసి ఎల్లడంట," అంది రోజారమణి.

"ఎందుకెల్తాడు? ఒకర్ని నమ్మితే గురువెలగవుతాడు," అన్నాడు తాతాజీ.

అప్పుడు తెర మూలన ఎర్రటి పెట్టె ఒకటి లేచి పడుకుంది. తాతాజీ దాన్ని చూసి నవ్వాడు. నిరుడు ఎవడి చిప్పులోంచో పురుగు దూరి కొట్టులో పాటలన్నీ తినేసిందట. అప్పుడు కొనిపెట్టిన కాపలా ప్రోగ్రాము ఇది. ముక్కూ మొహం తెలియని పాత ప్రోగ్రాము వచ్చి డిస్కు మీద రాయబోతే, చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. తప్పు తీగది కాదు, యంత్రానిది కాదు. పాత ప్రోగ్రాముని నమ్మిన వాళ్ళ వరసలో చేర్చబోయాడు. కాపలా ఒప్పుకోలేదు. చివరికి పావుగంట సేపు నిద్రపొమ్మని దానికి చెప్పాడు. అంతకన్నా ఎక్కువ సేపు అది నిద్రపోదు, దానంతటదే లేస్తుంది.

గీత కదిలింది. పాటలు ఒక్కొక్కటే ఇవతలికి రావడం మొదలైంది.

సరిగ్గా వచ్చాయో లేదో చూద్దామని తాతాజీ మొదటిది నొక్కాడు. కొట్టు స్పీకర్లలోంచి ఢిల్లీశ్వరరావు గొంతు లేచింది. గరుకుగా, నిండుగా, ఎక్కడా తొణకని గొంతు. బయట లారీ డ్రైవరు బీడీ నోట్లోంచి తీసి ఇటు తిరిగాడు. ఆయన మాత్రం ఎవరో పరాయివాడి పాట వింటున్నట్టు తల పక్కకి పెట్టి, ఎక్కడ తప్పు దొర్లుతుందా అని విన్నాడు. తాతాజీ పెదవులు కదిలాయి. రోజారమణి పెదవులూ కదిలాయి. ఆఖరి చరణం రావాల్సిన చోట పాట తెగింది. స్పీకరులో పశువులశాల చప్పుడు కాసేపు వినిపించింది. దూడ మెడలో గంట, ఎవరో తలుపు తీసుకుని బయటికి వెళ్ళడం.

"ఎవడు పాడతాడిప్పుడు?" అని అడిగాడు తాతాజీ.

సిద్దు అని ఆమె చెప్పింది. సిద్దుకి తాళం నిలవదని, చిన్నప్పుడు వరసలో నిలబెడితే పక్కవాడి కాలు తొక్కేవాడని తాతాజీ అన్నాడు.

"నువ్వు పాడొచ్చు గదమ్మీ. నీ గొంతు నాకు తెల్దా? మేం వాకిట్లో గజ్జెలు కట్టుకుంతంటే వంటింట్లోంచి ఇనపడేది. మాకంటే నువ్వే శుబ్బరంగా పాడీదానివి."

ఢిల్లీశ్వరరావు భుజాలు కదిలాయి. గొంతు కన్నంలోంచి గాలి బుస్సుబుస్సుమంటూ గుడ్డని ఎగరేసింది. అది ఆయన నవ్వు. ఎడమచేత్తో కనిపించని గిన్నె పట్టుకుని, కుడిచేత్తో గుండ్రంగా రుద్ది చూపించాడు. డ్రైవరుక్కూడా అర్థమై, పళ్ళు బయటపెట్టాడు.

"ఏటంటన్నాడు?" అన్నాడు తాతాజీ.

"అంట్లు తోముకోమంటన్నాడు," అంది. గొంతులో మార్పేమీ లేదు. బస్సు ఎక్కడాగుతుందో చెప్పినట్టు చెప్పింది. తరవాత తండ్రి మెడ గుడ్డ నవ్వుకి తడిసిందని, సంచిలోంచి పొడిది తీసి మార్చింది. తడిసిన గుడ్డ మడిచి తన చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకుంది.

పాటలన్నీ వచ్చాయి. గొళ్ళెం పెట్టిన ఫైలు ఒక్కటే మిగిలింది. అది పెద్దది. నెమ్మదిగా కదులుతుండగా పావుగంట అయిపోయి కాపలా లేచింది. లేస్తూనే యంత్రమంతా వాసన చూసింది. ఈ ఫైలు దగ్గర ఆగింది. లోపలేముందో చూడబోయింది, గొళ్ళెం తగిలింది. ఎర్ర పెట్టె ఈసారి తెర మధ్యలోకి వచ్చింది. గీత ఆగిపోయింది. యంత్రంలో చూస్తే ఫైలు లేదు. కంప్యూటర్లోనూ లేదు. కాపలా దాన్ని పట్టుకెళ్ళి తన కొట్లో పడేసింది.

తాతాజీ కుర్చీలో వెనక్కి వాలాడు. ఫైలు పేరు తెర మీద ఉంది. రోజారమణి పెట్టిన పేరే, ఇంగ్లీషు అక్షరాల్లో ఆఖరివి అని. అతను దాన్ని చాలాసేపు చూశాడు. కింద రెండు మీటలున్నాయి. ఒకటి వెనక్కి ఇవ్వడానికి, ఒకటి తీసెయ్యడానికి.

"ఇందులో ఏటుందమ్మీ?"

ఆమె చెప్పక్కరలేకపోయింది. ఢిల్లీశ్వరరావు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఓహో," అన్నాడు తాతాజీ. కుర్చీ గురువువైపు తిప్పాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "గురువా, నీ మూటని ఇది పట్టీసుకుంది. నీదని దానికి తెల్దు. ఎవడికీ కనబడకుండా కట్టీసినావు గదా, తనకి సూపించనిదల్లా దొంగే అంటాది ఇది. దాని బుద్ది అంతే. ఇచ్చీమంటే ఇచ్చేస్తాది. తీసీమంటే తీసేస్తాది, మరింక దొరకదు. ఏటి సెయ్యమంటావు?"

ఢిల్లీశ్వరరావు కుడిచెయ్యి తల మీదకెత్తాడు. చూపుడువేలు గుండ్రంగా తిప్పాడు. తొందరేమీ లేకుండా, మేళం ముందు నిలబడినప్పుడు తిప్పినట్టే తిప్పాడు.

తాతాజీ ఆ వేలు చూశాడు. తరవాత రోజారమణి వైపు తిరిగాడు.

"ఏటంటన్నాడమ్మీ?"

ఆమె తండ్రి మొహంలోకి చూసింది. ఆయన ఆమెని చూడటం లేదు, తెర చూస్తున్నాడు. సైగ చేశాక దాన్ని ఆమె చెబుతుంది, అంతే. అందుకోసం ఆమె మొహం చూడాల్సిన పని ఆయనకి ఎప్పుడూ రాలేదు.

"తీసీమంటన్నాడు," అంది.

ఫ్యాను తిరుగుతోంది. డ్రైవరు చిప్పు తీసుకుని దాన్ని గోటితో గీస్తున్నాడు.

"మరోపాలి అడుగు," అన్నాడు తాతాజీ మెల్లగా.

"అడగక్కర్నేదు. తీసీమంటన్నాడు."

ఢిల్లీశ్వరరావు తల అప్పుడు తిరిగింది. వేలు ఇంకా పైనే ఉంది. మళ్ళీ తిప్పాడు, ఈసారి గబగబా. రెండో చేత్తో తాతాజీ భుజం అందుకోబోయాడు. మౌస్ చిన్న చప్పుడు చేసింది. ఎర్ర పెట్టె మూసుకుంది. దాని చోట పచ్చటి పెట్టె ఒకటి వచ్చి, అంతా బాగుందని చెప్పి, అదీ పోయింది.

"పాటలన్నీ వచ్చీసేయి గురువా. ఆకరివే నేవు," అన్నాడు తాతాజీ. "నాకు అలవాటే. సిద్దుకీ అలవాటవుతాది."

ముసలాయన నోరు తెరిచాడు. నోట్లోంచి ఏమీ రాలేదు. గొంతు కింద గుడ్డ ఎగిరి పడింది, ఎగిరి పడింది. రెండు చేతులూ చరిచాడు. ఇంట్లో నీళ్ళు కావాలంటే అలా చరిచేవాడు, కోపం వచ్చినా అలానే చరిచేవాడు. కూతురి మణికట్టు పట్టుకుని తెరవైపు లాగి, వేలు తిప్పాడు. గుండ్రంగా, గుండ్రంగా, ఆమె కళ్ళ ముందు. ఆమె చెయ్యి లాక్కోలేదు. ఆయన వేలికేసి చూస్తూ నిలబడింది. ఆ చరణాలు ఆయన తలలో ఉన్నాయి. ఒక్క అక్షరం పోలేదు. అవి బయటికి రావాలంటే ఈమె తప్ప దారి లేదు, ఈమె ఆ చరణాలు విననిది.

డ్రైవరుకి జాలేసింది. ముసలాయన ఏమడుగుతున్నాడని ఒడియాలో అడిగాడు.

"ఆకలేస్తందంటన్నాడు," అంది రోజారమణి.

తాతాజీ తల దించుకున్నాడు. నవ్వలేదు. మౌస్ మీద చెయ్యి ఇంకా తియ్యలేదు. పన్నెండేళ్ళు ఆ చరణాల కోసమే ఆయన వెనక తిరిగినవాడు. అవి తన కంప్యూటర్లోకి వచ్చి, తన వేలి కింద కాసేపు ఉండి పోయాయి.

లోపలినుంచి లిప్సా గుమ్మానికున్న గుడ్డ తెర తీసి తొంగిచూసింది. ఆమెకి జరిగిందేమీ తెలియదు. ఆకలన్న మాట చెవిన పడింది, పెద్దమనిషి గొంతుకి కట్టు కనబడింది. పొద్దుటి మాండియా పేజ్, అదే రాగుల అంబలి, ఉంది, మెత్తగానే ఉంటుంది, మింగగలడు, అందరూ లోపలికి రండి అని పిలిచింది. వాకిట్లోకి వచ్చిన గురువుకి తిండి పెట్టకుండా పంపడం ఆ ఇంట్లో లేదని కూడా అంది. పెళ్ళయిన కొత్తలో ఈ మాట తాతాజీయే ఆమెకి నేర్పాడు.

ఎవరూ రామనలేదు. తాతాజీ కొట్టు రేకు సగం దించాడు. రోజారమణి తండ్రి మోచెయ్యి పట్టుకుంది. ఆయన నడిచాడు.

లోపల నేల మీద అందరూ, డ్రైవరు కూడా, వరసగా కూర్చున్నారు. లిప్సా అందరికీ అన్నం, ఎండుచేపల వేపుడు పెట్టింది, ముసలాయన ముందు గిన్నెలో చోడి అంబలి పోసింది. అందులో నూకలు ఉండలు కట్టి ఉన్నాయి. అవి గొంతుకి అడ్డం పడతాయి. రోజారమణి గిన్నె తన ముందుకి లాక్కుని, వేళ్ళతో ఒక్కొక్క ఉండా చిదిపి, చిదగనివి తీసి తన కంచం అంచున పెట్టింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాడు. ఆమె గిన్నె తిరిగి ఆయన ముందుకి జరిపింది. ఆయన దాన్ని చూశాడు. కూతుర్ని చూశాడు. ఆమె తన కంచంలో అన్నం కలుపుకుంటోంది.

తాతాజీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. లిప్సా అందరి మొహాలూ చూసి తనూ కూర్చుంది. కాసేపటికి ఢిల్లీశ్వరరావు గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని తాగాడు. అంబలి దిగుతున్నప్పుడల్లా మెడ గుడ్డ కదిలింది. గిన్నె కింద పెట్టాడు. రోజారమణి మళ్ళీ పోసింది. ఆయన మళ్ళీ తాగాడు.